రేవుదొర మర్యాదలు

హైదరాబాద్,
జూలై 7

మావయ్యా,

శారోన్ వందనాలు. అత్తయ్య పంపిన జంతికలు అందాయి. చాలా బాగున్నాయని చెప్పు.

నేను ఉత్తరం రాస్తుంటే మా ఆఫీసులో వింతగా చూస్తున్నారు. కానీ ఫోన్ చేస్తే నువ్వు "తిన్నావా, ఒంట్లో బాగుందా" దాటి రావు. నేనేమో ఎవర్నీ మాట పూర్తి చెయ్యనివ్వను. కువైట్‌లో ఉన్నన్నాళ్ళూ అమ్మకి పేజీలకి పేజీలు రాసిన చెయ్యి కదా నీది. ఉత్తరంలో అయితే ఒకరి వంతు అయ్యేదాకా ఇంకొకరు కొట్టడానికి వీల్లేదు. ఆట లింకు మెయిల్లో పంపాను గానీ, దాని మీద వాదన మాత్రం కాగితం మీదే చేసుకుందాం.

సంగతేమిటంటే, ఈ కంపెనీలో చేరిన దగ్గర్నుంచి పీతలే చేస్తున్నాను. ఆటలో దారి పొడుగునా అడ్డొచ్చి, రెండు దెబ్బలకి చచ్చే పీతలు. ఇన్నాళ్ళకి చివరి పోరాటం చేసే అవకాశం వచ్చింది. పడవ నడిపే అమ్మాయి గోదావరి దాటాలి. రేవులో రేవుదొర నిలబడి ఉంటాడు. తెల్లపంచె, భుజాన కండువా, చేతిలో పడవ నెట్టే గెడ. అతన్ని ఓడిస్తేనే అవతలి ఒడ్డు. ఇంకో డిజైనరు మొసలితో ఒక పోరాటం తయారుచేస్తున్నాడు. నవంబరు చివర్లో ఆటకి పెట్టుబడి పెట్టేవాళ్ళు వచ్చి రెండూ ఆడి, ఒకటి ఉంచుతారు. నాది పోతే నేను మళ్ళీ పీతల దగ్గరికే వెళ్ళాలి మావయ్యా.

అందుకని రాజోలులో నీ ఎబెనేజరు గేమ్ సెంటర్లో దీన్ని పెట్టు. ఆడినవాళ్ళని ఎలా ఉందని అడుగు. వాళ్ళు అన్నది అన్నట్టు నాకు రాయి. ఏళ్ళ తరబడి కువైట్ రూములో చేతులు నొప్పిపుట్టేలా కష్టమైన ఆటలు ఆడి వచ్చినవాడివి, నీ మాట కూడా కావాలి.

నీ మేనకోడలు,
శారోన్


రాజోలు,
జూలై 29

అమ్మడూ శారోన్‌కి,

మావయ్య ఆశీస్సులు. అత్తయ్య కులాసా. జంతికలు నీకు నచ్చాయని చెప్తే మళ్ళీ బియ్యప్పిండి పట్టించడానికి పంపింది.

నీ రేవుదొరని కిటికీ పక్క సిస్టంలో పెట్టాను. మన ఆటోస్టాండు భీమరాజు గుర్తున్నాడా? మధ్యాహ్నం బేరాల్లేనప్పుడు వచ్చి ఆడతాడు. నీది కాసేపు ఆడి, లేచి, "చాలా బాగుందండీ, ఆయ్. మన శారోనమ్మ చేసిందంటే మాటలా అండీ" అన్నాడు. స్టాండులో తన వంతు వచ్చేస్తోందని వెళ్ళాడు. డిగ్రీ చదివే దివ్య అనే అమ్మాయి మామిడికుదురు నుంచి వస్తుంది, మా సెంటర్లో అందరికన్నా బాగా ఆడేది ఆవిడే. ఆవిడ కూడా "సూపరండీ" అంది. బస్సుకి టైమైందని వెళ్ళింది. మిగతావాళ్ళదీ అదే మాట. అన్నది అన్నట్టే రాస్తున్నాను.

నా మాట అడిగావు కాబట్టి చిన్నది ఒకటి. చచ్చిపోయిన ప్రతిసారీ గట్టు చివర దీపం దగ్గర మళ్ళీ బతికి, అక్కణ్ణుంచి నడిచి రావాల్సి వస్తోంది. దారిలో నీ పీతలు. వాటి మీద నాకు అభిమానమే, కానీ చచ్చినప్పుడల్లా వాటన్నిటినీ పలకరించి రావాలంటే కాస్త ఇదిగా ఉంది. దీపాన్ని రేవుకి దగ్గరగా జరిపితే ఎలా ఉంటుందో ఆలోచించు.

మా కువైట్ రూములో చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలరు ఒక్కటే ఉండేది. చచ్చినవాడు పక్కవాడికి ఇచ్చెయ్యాలి, అదీ రూలు. కొన్ని ఆటల్లో చచ్చినవాడు కంట్రోలరు ఇస్తూ "నా తప్పే" అనేవాడు. అలా అన్నవాడు అన్నం మానేసి మరీ తన వంతు కోసం కూర్చునేవాడు. ఊరికే గుర్తొచ్చి రాశాను.

ఆశీస్సులతో,
మావయ్య ఏసుదాసు


హైదరాబాద్,
ఆగస్టు 14

మావయ్యా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో! ఒక్కరు కూడా వంక పెట్టలేదంటే నమ్మలేకపోయాను. మా టీమ్ లీడ్‌కి చూపించి, "చూడండి, రాజోలు మొత్తం బాగుందంటోంది" అన్నాను. ఆయన తేలిక మోడ్ ఒకటి పెట్టమంటున్నాడు. ఛస్తే పెట్టనన్నాను.

దీపం విషయంలో నీతో పోట్లాడక తప్పదు. అది దూరంగానే ఉండాలి. ఆ నడకలోనే మనిషి ఆలోచిస్తాడు, ఎక్కడ పొరపాటు చేశానా అని. దగ్గరగా పెడితే ఆలోచించకుండా వచ్చి మీద పడతాడు. ఆటని కష్టంగా చెయ్యడమంటే ఆడేవాణ్ణి గౌరవించడం. "నీకు చేతకాదులే, ఇదుగో మెత్తగా చేసి పెట్టాను" అనడం కన్నా అవమానం ఏముంటుంది? తొమ్మిదో తరగతిలో నాకు లెక్కలు రానప్పుడు తేలిక లెక్కలు ఇవ్వకుండా అవే లెక్కలు మళ్ళీ చెయ్యమన్నది నువ్వే.

అందరికీ ఇంతలా నచ్చింది కదా అని ఇంకాస్త పదును పెట్టాను. ఇదివరకు రేవుదొర గెడ ఎత్తేముందు భుజం కొంచెం వెనక్కి వంచేవాడు. అది చూసి పక్కకి దొర్లి తప్పించుకోవచ్చు. ఇప్పుడా భుజం కదలిక తీసేశాను. నిలబడ్డవాడు నిలబడ్డట్టే కొడతాడు. కొత్త లింకు పంపాను. చూస్తే నీకే ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

రెండో విడత జంతికలు కూడా వచ్చాయి. చాలా బాగున్నాయని అత్తయ్యకి చెప్పు.

సంతోషంతో గాల్లో తేలుతున్న
శారోన్


రాజోలు,
సెప్టెంబరు 10

అమ్మడూ,

కొత్తది కూడా పెట్టాను. అందరూ బాగుందన్నారు. భీమరాజు ఈసారి కూర్చోకుండానే "ఎంత బాగా చేసిందండీ" అన్నాడు. దివ్యకి ఈమధ్య బస్సులు తొందరగా వస్తున్నాయి.

తేలిక మోడ్ గురించి నీకూ నాకూ పడదులే. భీమరాజు వేళ్ళు పొద్దున్నుంచీ ఆటో హ్యాండిల్ పట్టుకుని బిగుసుకుపోయి ఉంటాయి. అతని కళ్ళు అందుకుంటాయి గానీ వేళ్ళు అందుకోవు. అతనికీ అవతలి ఒడ్డు చూడాలని ఉంటుంది కదమ్మా. నువ్వు చెప్పిన గౌరవం మంచిదే. అది వేళ్ళు బాగున్నవాళ్ళకేనా అని నా అనుమానం. కోప్పడకు, వాదించుకుందామన్నావు కాబట్టి అంటున్నాను.

ఇంటి కబురు ఒకటి. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక కొత్తపేట నుంచి పాస్టరు గారి కుటుంబాన్ని భోజనానికి పిలిచాం. అత్తయ్య చేపల పులుసు పెట్టింది. హడావిడిలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఎవరూ కిక్కురుమనలేదు. పాస్టరు గారు "చాలా బాగుందమ్మా సుందరీ" అన్నారు, పాస్టరమ్మ గారు ఎలా చేశావని అడిగారు. ఆఖరికి నేనూ ఇంకాస్త వేయించుకున్నాను. కాకపోతే అందరూ మజ్జిగ అడిగారు. పెద్ద గిన్నె ఖాళీ అయిపోయింది. వాళ్ళు వెళ్ళాక తను తినడానికి కూర్చుని ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "ఆ మజ్జిగ చూసైనా కనిపెట్టలేకపోయానండీ" అని తల పట్టుకుంది.

ఊళ్ళో కబుర్లంటే ఇవే.

మావయ్య


హైదరాబాద్,
సెప్టెంబరు 26

గౌరవనీయులైన శ్రీ ఏసుదాసు గారికి,

నమస్కరించి వ్రాయునది. తమరు కుశలమని తలుస్తాను.

నిన్న మా ఆఫీసులో అందరికీ రేవుదొర పోరాటం పెట్టాం. ఒక్కరంటే ఒక్కరు దాటలేదండి. ఇక్కడివారు రాజోలువారు కారు కనుక ఉన్నది ఉన్నట్టు చెప్పారండి. "ఎందుకు చచ్చానో నాకే తెలియలేదు" అని ఒకరు, "ఇది కష్టం కాదు, మోసం" అని ఒకరు. మా లీడ్ గారు, ఇలాగే ఉంటే పెట్టుబడివాళ్ళకి మొసలిని మాత్రమే చూపిద్దామని సెలవిచ్చారు. దిద్దుకోవడానికి నాకు అక్టోబరు నెల ఇచ్చారు.

రాత్రి తమరి పాత ఉత్తరాలు మళ్ళీ చదువుకున్నాను. చేపల పులుసు దగ్గరకి వచ్చేసరికి నాకు జ్ఞానోదయమైందండి.

తమరి సెంటర్లో ఎంతమంది మజ్జిగ అడిగారో దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
తమ విధేయురాలు
శారోన్


రాజోలు,
అక్టోబరు 2

నా తల్లీ,

కవరు చింపి "గౌరవనీయులైన" అనే మాట చూడగానే గుమ్మంలో కూలబడ్డాను. అత్తయ్య పరిగెత్తుకొచ్చి "ఏంటండీ, ఎవరన్నా పోయేరా?" అంది. "లేదు, మన శారోన్ నన్ను గారూ అంది" అన్నాను. "అయ్యో దేవా" అని తనూ కూర్చుంది.

అందరూ అడిగారమ్మా మజ్జిగ. భీమరాజుకి ఆ వేళ వంతు రాలేదు, స్టాండులో ఊరికే కూర్చుని ఉండటం నా కళ్ళతో చూశాను. దివ్య ఎక్కాల్సిన బస్సు అది కాదు. ఎవరూ దాటలేదు, నేనూ దాటలేదు. అన్నది అన్నట్టు రాయమన్నావు కాబట్టి అలాగే రాశానని తప్పించుకోవచ్చు. అసలు సంగతి అది కాదు. పీతల దగ్గరికి వెళ్ళాల్సి వస్తుందని నువ్వు రాసిన మాట చదివాక, బాగోలేదని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. నీ మనసు నొప్పించకూడదని చూసి నీ పని మీదకే తెచ్చాను. నాకు చాలా సిగ్గుగా ఉంది. క్షమించు.

ఇప్పుడు వాదనకి వస్తాను. ఈసారి మజ్జిగ అడగను.

నీ రేవుదొర మరీ కష్టమని నేను అనను. అతను మన ఊరివాడు, అంతే. మర్యాదగా నిలబడి ఉంటాడు, మొహంలో ఏమీ కనపడదు. అతనికి కోపం వచ్చిన సంగతి దెబ్బ తగిలాక గానీ తెలియదు. అలాంటి మనిషితో ఎవరు పోట్లాడగలరు? కువైట్‌లో మేం "నా తప్పే" అన్న ఆటలు దీనికన్నా కష్టమైనవి. కానీ వాటిలో దెబ్బ పడేముందు ఏదో ఒకటి కనపడేది. అది చూసి కూడా తప్పుకోలేదు కాబట్టి తప్పు మాది. నీ ఆటలో చూడ్డానికే ఏమీ లేదు.

మన ఊరివాళ్ళకి కోపం వచ్చినా ఏమీ తెలియదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నీ ఉత్తరం చూశాక అది నిజం కాదని తెలిసింది. నువ్వు మామూలుగా ఉంటే "మావయ్యా" అంటావు. కోపం వస్తే "గారూ" అన్నావు, ఇంకా ముదిరితే "తమరు" అన్నావు. లోపల ఏముందో చదవకుండానే దెబ్బ ఎంత పెద్దదో నాకు పై వరుసలోనే తెలిసిపోయింది. అత్తయ్య కూడా అంతే. నా మీద మండినప్పుడే "అన్నానికి దయచేయండి" అంటుంది, మామూలు రోజుల్లో "రండి తిందురు గాని" అంటుంది.

దెబ్బ తగ్గించొద్దు. అతన్ని కూడా నీలాగే కోప్పడనివ్వు.

నీ మావయ్య


హైదరాబాద్,
అక్టోబరు 20

మావయ్యా,

మళ్ళీ మావయ్యా అన్నాను, చూసుకో. లేచి నిలబడు.

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత నవ్వాను, ఆ తర్వాత అన్నం తినకుండా పనిలో కూర్చున్నాను. నీ మీద కోపం పోయింది. నా మీద ఇంకా కొంచెం ఉంది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగి, "బాగుందండీ, ఆయ్" అన్న మాటని నిజమని నమ్మాను చూడు. మా ఆఫీసులో ఎవరైనా నమ్మితే సరే, నేనెలా నమ్మాను?

ఇప్పుడు రేవుదొర ఎలా ఉన్నాడో విను. మామూలు దెబ్బకి ముందు "రా" అంటాడు, గెడ నేల మీదే ఉంటుంది. పెద్ద దెబ్బకి ముందు "రండి" అని కండువా సర్దుకుంటాడు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ కొట్టేముందు నడుము వంచి, రెండు చేతులూ చాచి "దయచేయండి" అంటాడు. ఎంత వంగితే అంత గట్టిగా కొడతాడు. దెబ్బ జోరు మాత్రం ఇసుమంత కూడా తగ్గించలేదు. మా లీడ్ ఆ "దయచేయండి" దగ్గర చచ్చిపోయి, కుర్చీలో వెనక్కి వాలి పగలబడి నవ్వాడు.

దీపాన్ని రేవుకి దగ్గరగా జరిపాను, నువ్వే గెలిచావు. తేలిక మోడ్ మాత్రం పెట్టలేదు, నేనే గెలిచాను. కాకపోతే భీమరాజు గారి వేళ్ళు నా బుర్రలోంచి పోవడం లేదు. అందుకని, కావలసినవాళ్ళు రేవుదొర వంగి ఉండే సమయాన్ని కాస్త సాగదీసుకునేలా సెట్టింగుల్లో ఒక మీట పెట్టాను. దెబ్బ అదే, నొప్పి అదే, చూసుకోవడానికి మాత్రం ఇంకొంచెం సమయం దొరుకుతుంది. దీన్ని తేలిక మోడ్ అన్నావంటే మళ్ళీ గారూ అంటాను.

కొత్త లింకు పెట్టు. ఈసారి ఎలా ఉందని ఎవర్నీ అడగొద్దు. నువ్వు గల్లాపెట్టె దగ్గర కూర్చుని వాళ్ళని చూడు, చాలు.

నీ
శారోన్


రాజోలు,
నవంబరు 11

శారోనూ,

నువ్వు చెప్పినట్టే నోరు మూసుకుని కూర్చున్నాను. నాకది ఎంత కష్టమో నీకు తెలుసు.

భీమరాజు ఆ మీట సాగదీసుకుని ఆడాడు. "దయచేయండి" అని వంగగానే "వామ్మో, వీడు మా మావగారండీ బాబూ" అని కేక పెట్టి పక్కకి దొర్లాడు. తప్పించుకున్నాడు! అది చూసి సెంటర్లో ఉన్నవాళ్ళంతా అతని కుర్చీ వెనక చేరారు. ఎవడో వచ్చి "భీమరాజుగారూ, స్టాండులో మీ వంతండి" అంటే, "వెనకాల బండిని పొమ్మనండి" అన్నాడు. తిరిగి చూడలేదు కూడా. చివరికి అవతలి ఒడ్డు చూశాడమ్మా. లేచి నాతో చెయ్యి కలిపి వెళ్ళాడు.

దివ్యకి ఏ మీటా అక్కర్లేదంది. చచ్చినప్పుడల్లా "నా తప్పేనండీ, కండువా చూసి కూడా ఆగేను" అంటోంది. తన బస్సు నా కళ్ళ ముందే వెళ్ళిపోయింది, అది నిజం బస్సే. ఆఖరికి రేవుదొరని ఓడించి, కంట్రోలరు బల్ల మీద పెట్టి, నా దగ్గరికి వచ్చింది. తర్వాత అంది కదా: "ఏమీ అనుకోకండి. ఒక్కటి బాగోలేదండీ. 'రండి' అన్నాక కొట్టే దెబ్బ ఎప్పుడూ ఎడమ పక్కే వస్తోందండి. కాసేపటికి తెలిసిపోతోంది."

విన్నావా? రాజోలులో, ఎబెనేజరు గేమ్ సెంటర్లో, నా ఎదురుగా నిలబడి, బాగోలేదంది! నేను ఆవిడకి కూల్‌డ్రింకు ఇప్పించాను. ఎందుకిచ్చానో పాపం ఆవిడకి తెలియదు.

ఆ ఎడమ పక్క సంగతి వెంటనే చూడు. ఇక పెట్టుబడివాళ్ళ రోజున మేం ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటాం. గెలిచినా ఓడినా నాకు నిజం రాయి.

మావయ్య


హైదరాబాద్,
డిసెంబరు 1

మావయ్యా, మావయ్యా, మావయ్యా,

రేవుదొర ఉన్నాడు! చివరి పోరాటం నాదే!

దివ్య చెప్పినట్టు దెబ్బ రెండు పక్కలా వచ్చేలా మార్చాను. వచ్చినవాళ్ళలో ఒకావిడకి తెలుగు ఒక్క ముక్క రాదు. "దయచేయండి" ఆవిడకి ఏం తెలుస్తుందిలే అని నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెనక నిలబడ్డాను. మొదటిసారి రేవుదొర వంగినప్పుడు ఆవిడ కూడా కొంచెం తల వంచింది, ఒక్క దెబ్బకి చచ్చింది. రెండోసారి వంగగానే కుర్చీలో ముందుకు జరిగింది, ఆలస్యంగా దొర్లింది, మళ్ళీ చచ్చింది. అప్పుడు తమ భాషలో ఏదో అని నవ్వింది. పక్కాయన కంట్రోలరు కోసం చెయ్యి చాస్తే ఇవ్వలేదు. ఏమన్నారండీ ఆవిడ అని తర్వాత ఆయన్ని అడిగాను. "తప్పు నాదే" అన్నారట.

నీ కువైట్ రూము గుర్తొచ్చి అక్కడే కళ్ళు తుడుచుకున్నాను. మొసలిని కూడా పారెయ్యలేదు, ఆట మధ్యలో పెడుతున్నారు. దానికి చుట్టూ పీతలు కావాలట. వాటిని వేరే వాళ్ళు చేస్తారు.

నిజం రాయమన్నావు కాబట్టి ఇంకొకటి కూడా రాస్తాను. ఇది అత్తయ్యకి చెప్పకు. ఆ జంతికలు రాళ్ళు మావయ్యా. మా ఆఫీసులో ఒకరికి పంటి మీది తొడుగు ఊడొచ్చింది. నేను టీలో నానేసుకుని తింటున్నాను, అప్పటికీ నడుమ మెత్తబడదు. ఇన్నేళ్ళుగా నువ్వెలా తింటున్నావో ఆ కిటుకు నాకూ చెప్పు.

నీ మేనకోడలు, చివరి పోరాటం డిజైనరు
శారోన్


రాజోలు,
డిసెంబరు 9

శారోన్‌కి,

సుందరి అత్తయ్య రాయునది. నీ పోరాటం ఉంచారని విని ఇక్కడ మా అందరి ఆనందం ఇంతా అంతా కాదు. మందిరంలో అందరి ముందూ లేచి, ఇది దేవుడు చేసిన మేలని సాక్ష్యం కూడా చెప్పాను.

మీ మావయ్య కళ్ళజోడు సెంటర్లో మర్చిపోయి వచ్చి, నీ ఉత్తరం నన్నే పైకి చదవమన్నాడు. చదువుతూ చదువుతూ జంతికల దగ్గరకి వచ్చాను. అప్పుడు ఆ మనిషి మొహం చూడాల్సింది. "ఏవండీ, తమరేం చేసేవారో సెలవివ్వండి" అన్నాను. తమరు అనగానే ఒప్పేసుకున్నాడు. జేబులో వేసుకెళ్ళి సెంటరు వెనక కాకులకి వేస్తున్నాడట. అవి కూడా ఇప్పుడు రావడం మానేశాయట.

అమ్మా, నా పళ్ళు గట్టివి. నాకు జంతిక అంటే గట్టిగా ఉండాలి. మొదట్లో మామూలుగానే చేసేదాన్ని. మీరందరూ చాలా బాగున్నాయి, చాలా బాగున్నాయి అంటుంటే, గట్టిగా ఉన్నందుకే ఇంత నచ్చుతున్నాయనుకున్నాను. అందుకని ఏటికేడాదీ ఇంకాస్త గట్టిగా చేస్తూ వచ్చాను. చుట్టాలంతా "ఇంటికెళ్ళి తీరిగ్గా తింటామండీ" అని పొట్లం కట్టించుకుపోతుంటే పొంగిపోయేదాన్ని. నీకు కోపం వచ్చినందుకు నీ మావయ్య క్షమాపణ అడిగాడు. నన్ను ఎవరడుగుతారు? సరేలే, నువ్వొక్కదానివైనా చెప్పావు. ముందు మనసు చివుక్కుమంది, తర్వాత నవ్వాపుకోలేకపోయాను.

ఈసారి వెన్న బాగా వేసి పిండి కలిపాను. ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. తిని చూడు. బాగోకపోతే బాగోలేదని ఒక్కసారి రాయి, చాలు. బాగుంటే మాత్రం రెండుసార్లు రాయాలి. ఒక్కసారి రాస్తే ఇక నేను నమ్మను.

అత్తయ్య